నూకన్న క్యారెక్టరు

మిన్నీ బేలో నూకన్న ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా ముందు గోడవైపు చూడాల్సిందే. కుర్చీ వేసేది ఆ తర్వాతే. గోడమీద ఫ్రేము కట్టించిన కాగితం ఒకటి ఉండేది. నేవీ నుంచి బయటికొచ్చిన నాడు నూకన్నకి ఇచ్చిన డిశ్చార్జి సర్టిఫికెట్టు. పైన కుర్రతనపు ఫోటో, దాని కింద ఐదారు వరుసల ఇంగ్లీషు. అందులో నూకన్నకి కూడబలుక్కోకుండా చదవడం వచ్చిన వరుస ఒక్కటే: క్యారెక్టర్, ఫెయిర్.

"ఫెయిర్ అంటే న్యాయం," అని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. "ఆటలో ఫెయిర్ ప్లే అంటారు సూడు, అదే. మత్లబ్, తప్పు సెయ్యడు, ఒకడు సేస్తే ఊరుకోడు. ఊరికే రాస్తారేటి గవర్నమెంటోళ్ళు?"

అతని భార్య తాతమ్మకి ఆ మాట అర్థం వేరే విధంగా తెలుసు. కాపురానికొచ్చిన కొత్తల్లో ఫెయిర్ అంటే తెల్లగా ఉండడమని ఎవరో చెప్పారు. ఆవిడ మొగుడి వైపు చూసింది, కాగితం వైపు చూసింది. ఎండకి కాగి, ఉప్పుగాలికి మాగి, చీకట్లో పళ్ళు తప్ప కనపడని మనిషి. "నేవీవోళ్ళకి కళ్ళు కనపడవు కామోసు," అనుకుని ఊరుకుంది. ఎవరికీ చెప్పలేదు. మొగుణ్ణి తెల్లవాడని గవర్నమెంటే రాసిచ్చాక మనమెందుకు కాదనాలని ఆవిడ ఉద్దేశం.

నేవీ వదిలాక భీమిలి నుంచి సముద్రం దాటి దీవులకొచ్చేశాడు నూకన్న. ముందు ఎవరి పడవల్లోనో కూలికి వెళ్ళాడు, తర్వాత సొంతంగా డుంగీ అనే చిన్న ఇంజను పడవ కొనుక్కున్నాడు. అరవై దాటినా వేటకి పోవడం మానలేదు. పని తెలిసినవాడు, దేనికీ వెనకాడడు. నోరు మాత్రం మంచిది కాదు. జెట్టీమీద పోర్టర్లతో పోట్లాడేవాడు, ఐసు అమ్మేవాళ్ళతో పోట్లాడేవాడు, పోట్లాడ్డానికి ఎవరూ దొరకని రోజున ఇంజనుతో పోట్లాడేవాడు.

ఆ యేడు మాజీ సైనికుల సంఘం వాళ్ళు నేవీ డే నాడు పాత నావికులకి శాలువాలు కప్పాలనుకున్నారు. కాగితాలు పట్టుకుని రమ్మంటే నూకన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫ్రేము ఫ్రేముగానే చంకలో పెట్టుకుని, హాడోలో ఉన్న వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాడు. సంఘం ప్రెసిడెంటు యుగంధర్ ఆర్మీలో సుబేదారుగా రిటైరయిన పెద్దమనిషి. ఫ్రేము అందుకుని చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"నూకన్న గారూ, ఇది మీరు ఎవరికైనా చూపించారా?"

"అందరికీ సూపించాను బాబూ. గోడకే ఉంటాది."

యుగంధర్ గొంతు సవరించుకున్నాడు. "ఫెయిర్ అంటే మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలీదు గానీ, ఇది ఒక మెట్ల వరసండి. అన్నిటికన్నా పైన ఎగ్జెంప్లరీ. దాని తర్వాత వెరీ గుడ్. తర్వాత గుడ్. ఆ కింద ఫెయిర్."

"దాని కింద?"

"దాని కిందవాళ్ళు ఫ్రేము కట్టించుకోరండి."

శాలువా 'గుడ్' నుంచి పైకి ఉన్నవాళ్ళకేనని సంఘం ముందే తీర్మానం చేసుకుందట. యుగంధర్ ఆ మాట ఎంతో మర్యాదగా చెప్పాడు, టీ కూడా తెప్పించాడు. నూకన్న ఆ టీ తాగలేదు. జీవితంలో మొదటిసారిగా ఎవరితోనూ పోట్లాడకుండా ఇంటికొచ్చేశాడు. అతని మొహం చూసి తాతమ్మ డుంగీ మునిగిపోయిందేమో అనుకుంది.

సంగతి విన్నాక మాత్రం ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "పోన్లే మావా. తెల్లగా ఉన్నావని రాసారనుకున్నాను ఇన్నాళ్ళూ. అదీ కాదు, ఇదీ కాదన్నమాట."

"నవ్వకొలే!"

"నాను నవ్వలేదు. దగ్గొచ్చింది."

మూడు రోజులు వేటకి వెళ్ళలేదు నూకన్న. ఇంటికొచ్చిన ప్రతివాడికీ తన క్యారెక్టరు మెట్టు కింద మెట్టని ముప్పయ్యేళ్ళకి పైగా తనే చదివి వినిపించాడు కదా అన్నది అతన్ని కూర్చోనివ్వలేదు. విన్నవాళ్ళలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎంతమంది ఉండుంటారు, బయటికెళ్ళి ఎంత నవ్వుకుని ఉంటారు అని ఒక్కొక్కళ్ళనే గుర్తుచేసుకుంటూ మంచమ్మీద అటూ ఇటూ దొర్లాడు.

అతని కూతురు బేబీరాణి ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ కౌంటర్లో పనిచేస్తుంది. ఆ శనివారం వచ్చి తండ్రిని చూసి, సోమవారం కౌంటరు దగ్గరికొచ్చిన ఒక వకీలుని అడిగి, మంగళవారం ఫోన్ చేసింది.

"నాన్నా, అప్పీల్ పెట్టొచ్చట. ఒక బోర్డు ఉంటుందట, పాత కేసులు మళ్ళీ చూస్తారట. సర్వీసులో ఏం జరిగిందో ఒకటే కాదు, బయటికొచ్చాక ఎలా బతికావో కూడా చూస్తారట. దానికి సర్టిఫికెట్ కావాలి."

"ఎవరిస్తారు?"

"చుట్టాలు కాకూడదు. పదేళ్ళకి పైగా నిన్ను దగ్గర్నుంచి చూసిన పెద్దమనుషులు ఎవరైనా. పొరుగువాళ్ళయితే బెస్ట్ అన్నాడు."

పొరుగువాళ్ళు అనే మాట వినగానే నూకన్న ఫోను తాతమ్మ చేతికిచ్చేశాడు. తాతమ్మ కిటికీలోంచి పక్కింటి వైపు చూసింది.

పక్కింట్లో లోకనాథం ఉంటాడు. తాతల కాలంలోనే కాకినాడ వైపు నుంచి దీవులకొచ్చిన కుటుంబం. సర్కారీ ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఇంగ్లీషులో అర్జీ రాయాలంటే మిన్నీ బేలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయనకీ నూకన్నకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. నూకన్న ఆ గోడమీద వలలు ఆరేశాడు. వలల్లోంచి కారిన ఉప్పునీళ్ళకి లోకనాథం క్రోటన్ మొక్కలు చచ్చిపోయాయి. లోకనాథం మునిసిపాలిటీకి ఫిర్యాదు రాశాడు, మూడు పేజీలు. నూకన్న దానికి జవాబుగా, గాలి ఎటునుంచి ఎటు వీస్తుందో చూసుకుని మరీ, ఎండుచేపలు ఆరబెట్టడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. భార్యలిద్దరూ మాత్రం ఆ గోడమీంచే కూరలు మార్చుకుంటూ ఉంటారు.

"ఆడి గుమ్మం నాను తొక్కను," అన్నాడు నూకన్న.

"తొక్కకు. ఫెయిర్‌గానే పోదువుగాని," అంది తాతమ్మ.

మర్నాడు పొద్దున్నే నూకన్న లోకనాథం వరండాలో నిలబడ్డాడు. లోకనాథం పేపరు చదువుకుంటున్నాడు. పేపరు దించలేదు. ఆయన భార్య కనకలక్ష్మి ఇద్దరి మధ్యా చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"ఏం కావాలో అడుగు," అన్నాడు లోకనాథం భార్యతో.

"అర్జీ రాయాలని సెప్పక్కా," అన్నాడు నూకన్న ఆవిడతోనే.

"ఎవరికి రాయాలో అడుగు."

"నేవీకని సెప్పు."

"దేని గురించో అడుగు."

"మీరిద్దరూ జానెడు దూరంలో ఉన్నారు," అంది కనకలక్ష్మి. "అవతల నా పప్పు అడుగంటుతోంది." లోపలికెళ్ళిపోయింది.

పేపరు ఇంకాస్త పైకి లేచింది. కానీ 'నేవీ' అన్న మాట లోకనాథం చెవిలో పడిపోయింది. రిటైరయ్యాక ఆయన రాసినవన్నీ కరెంటు కోతల గురించీ, వీధి కుక్కల గురించీ. ఇంత పెద్ద ఆఫీసుకి అర్జీ రాసి ఎన్నేళ్ళయిందో! పేపరు దానంతటదే కిందికి దిగింది.

"సబ్జెక్ట్ ఏమిటి?" అన్నాడు, నేరుగా నూకన్నతోనే.

నూకన్న చెప్పాడు. లోకనాథం అంతా విని, లోపలికెళ్ళి తెల్లకాగితాలూ పెన్నూ తెచ్చుకున్నాడు. "ఒక్క మాట ముందే చెప్తున్నా. నేను అబద్ధం రాయను."

"రాయొద్దు బాబూ. మంచిగా రాయండి, బస్."

"రెండూ ఒకటి కాదు నూకన్నా. సరే చెప్పు. నిన్నెందుకు పంపించారు?"

కథ ఇదీ. అప్పట్లో నూకన్న పనిచేసే ఓడ భీమిలికి ఎదురుగా సముద్రంలో లంగరేసింది. ఒక సాయంత్రం నూకన్న ఎవరికీ చెప్పకుండా ఓడ తాలూకు చిన్న పడవ దింపుకుని వెళ్ళిపోయాడు. రెండో రోజు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. పడవలో బారెడు కోనాం చేప ఉంది. అంతకుముందే నోటి దురుసుకి రెండుమూడుసార్లు శిక్షపడి ఉంది. సెలవు లేకుండా పోయాడు, గవర్నమెంటు పడవ తీసుకుపోయాడు అని కేసయింది. సేవలు ఇక అక్కర్లేదని ఇంటికి పంపేశారు.

"పడవ ఎందుకు తీసుకెళ్ళావు?"

నూకన్న తమ ఇంటివైపు ఓసారి చూశాడు. తాతమ్మ గోడ అవతల బట్టలు ఆరేస్తోంది. "సేపల కోసం," అన్నాడు గొంతు తగ్గించి. "సేపలకెల్లినాను. సుడి లాక్కుపోనాది."

లోకనాథం వారం రోజులు రాశాడు. కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. భోజనానికి పిలిస్తే పలికేవాడు కాదు. చివరికి నాలుగో పేరా నూకన్నకి తెలుగులో చెప్పి వినిపించాడు. "అర్జీదారు, యౌవనంలో సహజమైన అత్యుత్సాహంతోనూ, నెలల తరబడి డబ్బాల్లోని ఆహారం తింటున్న తోటి నావికులకు తాజా చేపలు తినిపించవలెనన్న సదుద్దేశంతోనూ, సదరు పడవను తీసుకుని వెళ్ళినాడు."

నూకన్నకి కళ్ళు చెమర్చాయి. "ఇంత మంచోణ్ణేటి నాను!"

"ఇది అర్జీ. నువ్వు చెప్పింది రాశాను. నా సర్టిఫికెట్ వేరే. అది నేను చూసింది రాస్తాను. సీలు వేసి పంపిస్తాను, నీకు చూపించను."

ఆ మాటతో నూకన్నకి నిద్ర ఎగిరిపోయింది. మరుసటి పొద్దుటికి గోడమీద వలలు మాయమయ్యాయి. ఎండుచేపలు ఇంటి వెనక్కి వెళ్ళాయి. లోకనాథం వీధిలో కనపడితే చాలు, "నమస్తే బాబూ, రాత్రి నిద్ర బాగా పట్టిందా?" అని అడగడం మొదలుపెట్టాడు. జెట్టీమీద ఐసు తక్కువ తూచినా ఊరుకున్నాడు. పోర్టర్లు బెంగపడి, ఒంట్లో ఎలా ఉందని తాతమ్మని అడిగారు. ఒకరోజు మంచి పండుగప్ప పడితే ఆకులో చుట్టి లోకనాథం గుమ్మంలో పెట్టాడు.

లోకనాథం దాన్ని పట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు. "ఇదేమిటి? సాక్షిని కొనుక్కుంటున్నావా? అర్జీ పెండింగులో ఉండగా నీ చేప నా వంటింట్లోకి రాకూడదు. తీసుకో వాపస్!"

నూకన్న తీసుకున్నాడు. పది నిమిషాల్లో కనకలక్ష్మి పెరటి తలుపులోంచి వచ్చి తాతమ్మ దగ్గర సగం చేప పట్టుకుపోయింది. ఆ మధ్యాహ్నం లోకనాథం పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగలేదు.

వానలు మొదలయ్యే ముందు కబురొచ్చింది. మెయిన్‌ల్యాండ్ నుంచి ముగ్గురు అధికారులు వస్తున్నారు, హాడోలో విచారణ, అర్జీదారు తన సాక్షితో హాజరు కావాలి. లోకనాథం నూకన్నకి ట్రైనింగిచ్చాడు. "ఎంత అడిగితే అంతే చెప్పు. కోపం తెచ్చుకోకు. పశ్చాత్తాపపడుతున్నారా అంటే 'జీ సాబ్' అను. వాళ్ళతో వాదించకు."

తాతమ్మ కూడా బయల్దేరింది. "నీకేటి పని అక్కడ?" అన్నాడు నూకన్న. "ఆటోలో మూడో సీటు ఖాళీగా ఉంటాది కదా," అంది తాతమ్మ. ఎర్రంచు చీర కట్టుకుని, డబ్బాలో పులిహోర పెట్టుకుని వచ్చి, విచారణ గదిలో వెనక బెంచీమీద లోకనాథం పక్కన కూర్చుంది.

బల్ల అవతల ముగ్గురున్నారు. మధ్యలో జుట్టు నెరిసిన పెద్దాఫీసరు, ఆయనకి ఎడమవైపు ఒక యువకుడు, కుడివైపు ఒక మహిళా అధికారి. ఆవిడ ఏమీ మాట్లాడకుండా కాగితాలు తిరగేస్తోంది. విచారణంతా హిందీలోనే సాగింది. నూకన్న అటెన్షన్‌లో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పడవ ఎందుకు తీసుకెళ్ళారు?" అన్నాడు పెద్దాఫీసరు.

నూకన్న నాలుగో పేరా అప్పజెప్పాడు. అత్యుత్సాహం దగ్గర కొంచెం తడబడ్డాడు గానీ, డబ్బాల ఆహారం దగ్గర గొంతు బాగా పలికింది. వెనక లోకనాథం పెదాలు కదుపుతూ అతనితోపాటే చెప్పాడు.

పెద్దాఫీసరు పాత ఫైల్లో ఒక పేజీ తీశాడు. "మీరు తిరిగొచ్చాక పడవలో ఏమేం ఉన్నాయో రాసుకున్నారు. తెడ్లు రెండు. చేప ఒకటి, కోనాం, పెద్దది. అంతే. వల లేదు. గాలం లేదు. మరి చేప ఎలా పట్టారు?"

ట్రైనింగులో ఈ ప్రశ్న లేదు.

"సేత్తో సాబ్," అన్నాడు నూకన్న.

"చేత్తోనా?"

"జీ సాబ్. అప్పుడు కుర్రోణ్ణి. సేతులు సురుగ్గా ఉండీవి."

"కోనాం చేపని? చేత్తో?"

"అదే నా దగ్గరికొచ్చింది సాబ్."

యువకుడు దగ్గు వచ్చినట్టు తల పక్కకి తిప్పుకున్నాడు. లోకనాథం కళ్ళు మూసుకున్నాడు. వెనక బెంచీ కిర్రుమంది.

"ఝూట్ హై సాబ్!"

అందరూ అటు చూశారు. తాతమ్మ పులిహోర డబ్బా ఒళ్ళో పట్టుకుని సగం లేచి నిలబడింది.

"కూకోయే!" అన్నాడు నూకన్న వెనక్కి తిరక్కుండానే.

"నాను కూకోను. సేత్తో పట్టీసినాడట! పెద్ద పెద్ద బాబులు అడుగుతుంటే సిగ్గులేదా నీకు? ఆ సేప మా అయ్యది." ఆవిడ హిందీ చేపల బజారు హిందీ, బేరాల దాకా పనికొస్తుంది గానీ ఇంత దూరం రాదు. రెండు మాటలకే తెలుగులోకి దిగిపోయింది. "ఆ సేప మా అయ్య వల్లో పడ్డాది బాబూ. మా అయ్యే ఇచ్చినాడు."

అప్పటిదాకా మాట్లాడని మహిళా అధికారి తలెత్తింది. "సర్, నాకు తెలుగు వచ్చు," అని పెద్దాఫీసరుతో చెప్పి, తాతమ్మ వైపు తిరిగింది. "చెప్పమ్మా. కంగారు పడకుండా చెప్పు."

తాతమ్మ చెప్పింది. అప్పటికి పెళ్ళయి నెల తిరగలేదు. పెళ్ళయిన నాలుగో రోజునే నూకన్న ఓడెక్కేశాడు. ఆ ఓడ వచ్చి భీమిలి ముందు లంగరేస్తే, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒడ్డుకెళ్ళి, "అదిగో నీ మొగుడు" అని ఆవిణ్ణి ఆటపట్టించారు. సందె చీకట్లో పుట్టింటి దొడ్డిగుమ్మం దగ్గర ఎవరో పిలిచారు. చూస్తే యూనిఫారం మోకాళ్ళదాకా తడిసిపోయి నూకన్న.

"గంటలో ఎల్లిపోతానన్నాడు బాబూ. మా అమ్మ అన్నమెట్టింది. తిన్నాడు. నిద్దరపోనాడు. లేపితే లేవలేదు. తెల్లారి సూస్తే గాలి లేచిపోనాది, అలలు ఇంతెత్తున. మా అయ్య పడవ దింపనివ్వలేదు. మర్నాడు గాలి తగ్గాక, వట్టి సేతుల్తో ఎల్తే ఏం సెప్తావురా అని మా అయ్యే సేప ఇచ్చి పంపినాడు. సేపలకెల్లినానని సెప్పమన్నాడు. ఇదీ జరిగింది. నా కోసం వొచ్చి ఉజ్జోగం పోగొట్టుకున్నాడు గానీ, సేపల కోసం కాదు."

మహిళా అధికారి ఇదంతా హిందీలోకి మారుస్తుంటే నూకన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. చెవులు మండిపోతున్నాయి. గదిలో అందరికన్నా ముందు తేరుకున్నవాడు లోకనాథం. తేరుకుని లేచి నిలబడ్డాడు.

"నా చేత అబద్ధం రాయించావా?" అన్నాడు తెలుగులో. "నాలుగో పేరా! వారం రోజులు కూర్చుని రాశాను నాలుగో పేరా! ముప్పయ్యారేళ్ళ సర్వీసులో ఒక్క తప్పు మాట రాయని చేత్తో రాశాను!"

"నువ్వు అడిగినావా? ఎందుకెల్లావంటే సేపలకన్నాను. మళ్ళీ అడిగితే సెప్పీవోణ్ణి!"

"ఎన్నిసార్లు అడగాలి నిన్ను? క్రోటన్లు ఎందుకు చచ్చాయంటే అప్పుడూ ఇంతే! ఎండదెబ్బ అన్నావు!"

"ఎండదెబ్బే అది! నీ మొక్కలు నీలాగే ఉంటాయి, కాస్త ఉప్పు తగిలితే సచ్చిపోతాయి!"

"ఉప్పని నువ్వే ఒప్పుకుంటున్నావ్! రాసుకోండి మేడమ్, ఒప్పుకున్నాడు!"

పెద్దాఫీసరు బల్లమీద అరచేత్తో కొట్టాడు. ఇద్దరూ ఆగారు. నూకన్న మళ్ళీ అటెన్షన్‌లోకి వెళ్ళిపోయాడు. మహిళా అధికారి క్రోటన్ల సంగతి వివరిస్తుంటే ఆయన మొహం మీద ఏ భావమూ కనపడకుండా విన్నాడు. ఫైల్లోంచి సీలు వేసిన కవరు తీసి, లోపలి కాగితం విప్పాడు.

"మిస్టర్ లోకనాథం, ఈ సర్టిఫికెట్ మీదేనా?"

"నాదే సర్."

"ఇందులో రాశారు, 'ఇతను పోట్లాటల మనిషి, నాతో ఏళ్ళ తరబడి పోట్లాడుతున్నాడు. రేపు పొద్దున్న వచ్చి నీ సంగతి చూస్తానంటే, చెప్పిన టైముకి తప్పకుండా వచ్చాడు.' ఇంకా రాశారు, 'నా బావమరిది పడవ ఇంజను చెడిపోయి సముద్రంలో కొట్టుకుపోతుంటే, తుపాను హెచ్చరిక ఉండగా ఇతను వెళ్ళి తాడు కట్టి లాక్కొచ్చాడు. ఒడ్డు చేరేదాకా నా బావమరిదిని తిడుతూనే ఉన్నాడు, కానీ తాడు వదల్లేదు.' ఇప్పుడు ఆయన మీ చేత అబద్ధం రాయించారని తెలిసింది. మీ సంతకం వెనక్కి తీసుకుంటారా?"

నూకన్న మెల్లగా తల తిప్పి లోకనాథం వైపు చూశాడు. ఆ తాడు సంగతి అతనికే గుర్తు లేదు. అలాంటివి ఎన్నో చేశాడు, ఎన్నో తిట్టాడు.

లోకనాథం చొక్కా సవరించుకున్నాడు. రొప్పు ఇంకా తగ్గలేదు. "సర్, అర్జీలో నాలుగో పేరా కొట్టేయమని ప్రార్థన. సర్టిఫికెట్ మాత్రం నేను కళ్ళారా చూసి రాసింది. అందులో అక్షరం కూడా మార్చను."

పెద్దాఫీసరు నూకన్న వైపు తిరిగాడు. "ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు? కొత్తగా పెళ్ళయింది, ఇంటికెళ్ళాను అంటే శిక్ష తప్పేది కాదు, కానీ వేరేలా చూసేవాళ్ళేమో."

లోకనాథం నేర్పినవేవీ నూకన్నకి గుర్తు రాలేదు. "సాబ్, మెస్‌లో అందరూ కుర్రోళ్ళు. సేపల కోసం పడవెత్తుకుపోనాడంటే, భలేవోడ్రా అంటారు. పెళ్ళాం కోసం పోనాడంటే నవ్వుతారు. ఉజ్జోగం పోయినా పర్లేదు గానీ ఆళ్ళు నవ్వితే బతకనేను అనిపించింది."

"ఇప్పుడు మేము నవ్వామా?"

నూకన్న ముగ్గురి మొహాలూ చూశాడు. "ఆ కుర్ర బాబు నవ్వినాడు సాబ్. సేత్తో పట్టానన్నప్పుడు."

ఈసారి ముగ్గురూ నవ్వారు. తాతమ్మ కూర్చుంది. బయటికొచ్చాక చెట్టునీడలో మిన్నీ బే వాళ్ళు ముగ్గురూ పులిహోర తిన్నారు. నూకన్న, లోకనాథం ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కానీ లోకనాథం చేతిలోని కాగితంలో పులిహోర అయిపోతే నూకన్నే డబ్బా అందుకుని మళ్ళీ వడ్డించాడు.

"నన్నెందుకలా సూస్తావు?" అంది తాతమ్మ మొగుడితో ఆటోలో. "ఇన్నేళ్ళూ సెప్పకుండా కడుపులో దాసుకున్నాను. నువ్వు సేత్తో కోనాం పట్టీసరికి పొంగిపోనాది."

జవాబు రావడానికి వానాకాలమంతా పట్టింది. వచ్చిన రోజున బేబీరాణి జెట్టీ నుంచి తిన్నగా ఇంటికొచ్చింది. కవరు విప్పడానికి మాత్రం నూకన్న ఒప్పుకోలేదు. లోకనాథాన్ని పిలిపించాడు. లోకనాథం గోడ దాటకుండా అవతలే నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, ముందు తనలో తను చదువుకున్నాడు. మనిషి గంభీరంగా మారిపోయాడు.

"సేవలు అక్కర్లేదన్న కారణం అలాగే ఉంచారు. అది మార్చడానికి ఆధారం లేదన్నారు. క్యారెక్టర్ మాత్రం," అని ఆగాడు. "గుడ్."

నూకన్న గట్టిగా ఊపిరి వదిలాడు. గోడని రెండు చేతులా పట్టుకున్నాడు. కాసేపటికి, "వెరీ ఏదీ?" అన్నాడు.

"ఏమిటి?"

"వెరీ గుడ్ అని ఉంది కదా ఒక మెట్టు. అదెక్కడికి పోనాది? మళ్ళీ రాయొచ్చేటి?"

"నాన్నా!" అంది బేబీరాణి.

"ఆగండి, ఇంకా ఉంది," అన్నాడు లోకనాథం. "కారణాలు రాశారు. 'అర్జీదారు చెప్పిన వివరణ బోర్డుకు నమ్మదగినదిగా తోచలేదు. అర్జీదారు భార్య చెప్పిన వివరణ పూర్తిగా నమ్మదగినది. సాక్షి నిజాయితీ బోర్డును విశేషంగా ఆకట్టుకుంది.'"

చివరి వాక్యం ఆయన రెండుసార్లు చదివాడు. దాని ముందు వాక్యం తాతమ్మ నాలుగుసార్లు చదివించుకుంది. "పూర్తిగా అని రాసారా? మళ్ళీ సెప్పు బాబూ. నేవీవోళ్ళే రాసారా?" ఆ వారమంతా చేపలు కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పింది. ఎవరైనా ధర తగ్గించమంటే, "నా మాట పూర్తిగా నమ్మొచ్చని గవర్నమెంటే రాసింది, తెలుసా?" అనేది.

నూకన్నకి శాలువా ఆ డిసెంబర్లో దక్కింది. యుగంధరే స్వయంగా కప్పాడు. కప్పుతూ ఉంటే నూకన్న, "మీ మెట్ల వరస ఇంకోసారి సెప్పండి బాబూ, మా ఆడది వినలేదు," అన్నాడట.

కబురు దీవులంతా పాకింది. జనవరిలో ఒక ఆదివారం అప్పలరాముడనే మనిషి మిన్నీ బే వెతుక్కుంటూ వచ్చాడు. ఆర్మీలో డ్రైవరుగా చేశాడు, ఏదో గొడవై మధ్యలో బయటికొచ్చేశాడు, కాగితమ్మీద మంచి మాట లేదు. లోకనాథం అప్పటికే వరండాలో బల్ల వేసుకుని, కాగితాలూ గుండుసూదులూ సర్దుకుని ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నూకన్న కూర్చున్నాడు, ఎవరూ పిలవకపోయినా.

"సబ్జెక్ట్ చెప్పండి," అన్నాడు లోకనాథం.

అప్పలరాముడు గొంతు సవరించుకున్నాడు. "మరేంలేదు సర్, అప్పుడు నా లారీ బ్రేకులు ఫెయిలై..."

"ఆగు భయ్యా," అన్నాడు నూకన్న చెయ్యెత్తి. "మీ ఇంటిది వొచ్చిందా?"

"వచ్చింది. గేటు దగ్గరుంది."

"ముందు ఆవిణ్ణి పిలు."

అప్పలరాముడు లోకనాథం వైపు చూశాడు. లోకనాథం పెన్ను మూత తీస్తూ తలూపాడు. కనకలక్ష్మి లోపలి నుంచి ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికొస్తున్న ఆ ఇల్లాలిని చూసేసరికి, అప్పలరాముడు జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.